ఎడమ వైపు బరువు

ముందు ముఖం చూడను.
ముఖాన్ని ఎవరైనా కడిగి, రంగేసి తేగలరు.
గడియారాన్ని వెనక్కి తిప్పి
వీపు మీద వేలితో తడతాను.

పైన్ చెక్క. రంపం గీతలు ఏటవాలుగా.
నలుపలకల మేకులు, వాటి చుట్టూ తుప్పు
టీ మరకలా ఇంకింది.
మంచిది. ఇక్కడిదాకా అబద్ధం లేదు.

వెర్నా హాచ్‌కిస్ దీన్ని స్నానాల తువ్వాలులో చుట్టి
టోరింగ్టన్ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.
బూట్ల మంచు నా కొట్టు నేల మీద మడుగు కడుతోంది.
"ఎంత చేస్తుంది?" అని అడిగి
నేను నోరు తెరవక ముందే
"మరీ తక్కువ చెప్పకండి" అంది.

రోజ్‌వుడ్ తొడుగు ఆరు చోట్ల లేచింది.
తలుపు కింది మూల అతికిన ముక్క మహాగనీ,
గుడ్డి కన్నా మెల్ల నయమని ఎవడో పెట్టాడు.
అద్దానికి వెనకనుంచి వేసిన బొమ్మలో
తెరచాపలున్నాయి, ఓడ రాలిపోయింది.
జింకు పలక మీద అంకెలు అసలువే.
నిమిషాల ముల్లు మాత్రం ఎరువు సొమ్ము.

లోపలి చీటీలో చేసినవాడి పేరు పురుగులు తినేశాయి.
మిగిలింది బ్రిస్టల్ అన్న ఊరూ,
"బాగా నడుస్తుందని హామీ" అన్న మాటా.
యంత్రం బిగించిన చోట అదనపు చిల్లులు లేవు.
అంటే పెట్టే, పేగులూ పుట్టుకనుంచీ ఒకే కాపురం.
దానికి ముప్పై డాలర్లు ఎక్కువ వేసుకున్నాను, మనసులోనే.

కుడి వైపు ఇనుప బరువు, మూడు పౌన్లు, నిఖార్సైనది.
ఎడమ వైపు, గంటలు కొట్టించే తాడుకి,
ఒక బేకింగ్ పౌడర్ డబ్బా.

"అది నాన్న పని" అంది వెర్నా.
నలభై రెండులో, యుద్ధానికి పాత ఇనుము కావాలని
బడిపిల్లలు బండి లాక్కుంటూ వస్తే
ఇవ్వడానికి ఇంట్లో ఏమీ లేక
ఆయన గడియారం తలుపు తీశాడట.
తర్వాత డబ్బాలో మేకులూ, ఏటి ఇసకా నింపి
మూత మీద మైనం పోశాడు.
బరువు చాలలేదు.
అప్పటినుంచీ గంటలు బద్ధకంగా పడేవి.
పన్నెండు కొట్టేలోపు
అమ్మ బంగాళాదుంప ఒకటి చెక్కేసేది.
పదకొండో గంటకీ పన్నెండోదానికీ మధ్య
పిల్లలు ఊపిరి బిగబట్టి పందెం కాసేవాళ్లు,
పడుతుందా, పడదా అని.

నేను పెన్సిల్ కింద పెట్టలేదు.
డబ్బా అంచు రాసుకుని
పెట్టె పక్క చెక్కలో నిలువునా గాడి పడింది,
నలభై ఏళ్ల లోతు.
అది లోపం. రాసుకున్నాను.

నూట నలభై అన్నాను.
మరి సరైన బరువు పెడితే?
నూట డెబ్బై. నా సొరుగులోనే ఉంది ఒకటి.
ఆమె కిటికీలోంచి కాసేపు బస్సు స్టాపు వైపు చూసింది.
ఇంటి కప్పు కారుతోందని చెప్పలేదు,
చేతి సంచిలోంచి తొంగిచూస్తున్న
తారు పని అంచనా కాగితం చెప్పింది.

"అయితే పెట్టండి" అంది. "డబ్బా నాకివ్వండి."

తాడు ముడి విప్పుతుంటే ఇసక కొంచెం
నా బల్ల మీద రాలింది. ఊదేయబోయి ఆగాను.
ఆమె డబ్బాని కోటు జేబులో వేసుకుంటే
కోటు ఒకవైపు కుంగింది.
అలాగే ఒరిగి నడుస్తూ వెళ్లింది.

ఆ మధ్యాహ్నం కొత్త బరువుతో
గడియారం పన్నెండు కొట్టింది
గుమాస్తా ముద్రలేసినట్టు, టకటకా.
నా చేతిలో రొట్టె ఇంకా నోటిదాకా రాలేదు.

వారంలో ఒక పళ్ల డాక్టరు కొన్నాడు, బేరమాడకుండా.
రసీదులో "బరువులు రెండూ ఆ కాలపువే" అని రాశాను.
అబద్ధం కాదు.
పక్క చెక్కలో ఆ గాడి ఏమిటని ఆయన అడగలేదు.
నేనూ మైనంతో పూడ్చలేదు.
ఎప్పుడో ఇంకొకడు దీన్ని వెనక్కి తిప్పి,
తలుపు తీసి, వేలితో తడిమి
ఇక్కడేదో తప్పు బరువు చాలాకాలం వేలాడిందని
పది డాలర్లు తగ్గిస్తాడు.
తగ్గించనీ.